కరెంటు పోతే సోలార్ ఎందుకు ఆగుతుంది? ఇన్వర్టర్ లోపలి లెక్క

అనంతపురంలో మేడ మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండు. ఎండ మండిపోతున్నా, లైన్‌లో కరెంటు పోగానే సోలార్ కూడా ఎందుకు ఆగిపోతుంది? కరెంటు ఉన్న రోజున కూడా పన్నెండుకీ రెండుకీ మధ్య ఇన్వర్టర్ ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని చూపించి ఆగి, కాసేపటికి మళ్లీ ఎందుకు మొదలవుతుంది? 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చి, 3 కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇంటికి 78 వేల రూపాయల సబ్సిడీ ప్రకటించాక ఈ ప్రశ్నలు వీధి వీధికీ వచ్చాయి. సరుకు నాసిరకమని కొందరంటారు, డిస్కం కావాలనే ఆపుతోందని కొందరంటారు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో పట్టపగలు కరెంటు మొత్తం పోయాక మూడో ప్రశ్న వచ్చి చేరింది: సోలార్ ఎక్కువైతే గ్రిడ్డే కూలిపోతుందా?

ఈ మూడూ ఒకే చిక్కుకు మూడు కొసలు. గ్రిడ్‌లో తేడా కనబడినప్పుడు ఇన్వర్టర్‌కు రెండే దారులుంటాయి. ఒకటి తప్పుకోవడం, రెండోది నిలబడి గ్రిడ్‌కు ఆసరా ఇవ్వడం. ఎప్పుడు ఏది చేయాలన్నది దాని లోపలి ప్రోగ్రామూ, ఆ ప్రోగ్రామ్ వెనకున్న నిబంధనలూ తేలుస్తాయి. ఒక ఇంటికి సరైన నిర్ణయం, వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుకు ప్రమాదం కావచ్చు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

## పలక నుంచి లైన్ దాకా ఏం జరుగుతుంది

సోలార్ పలక ఇచ్చేది డీసీ, అంటే ఒకే దిక్కుగా పారే కరెంటు. లైన్‌లో ఉండేది ఏసీ. అది సెకనుకు 50 ఆవృత్తులు ఊగుతుంది, దాన్నే 50 హెర్ట్జ్ అంటాం. ఫ్యాన్లకీ లైట్లకీ బ్యాటరీతో ఇంట్లో పెట్టుకునే ఇన్వర్టర్ కూడా డీసీని ఏసీ చేసేదే. కానీ అది తన తరంగాన్ని తానే తయారు చేసుకుని ఇంటికి ఇస్తుంది. మేడ మీది సోలార్‌కు వాడే ఇన్వర్టర్, అప్పటికే లైన్‌లో ఉన్న తరంగానికి తన కరెంటును జత చేస్తుంది. ఈ తేడా గుర్తుంటే మిగతాదంతా తేలిక.

ఒక ఇంటి లెక్క తీసుకుందాం. 540 వాట్ల పలకలు 6 వరసగా కలిపితే 3.24 కిలోవాట్లు. ఒక్కో పలక పని చేసేటప్పుడు 41 వోల్టులు ఇస్తుందనుకుంటే, వరస మొత్తం 246 వోల్టులు. లైన్‌లో ఉన్నది 230 వోల్టులే కదా, సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. 230 అనేది తరంగం మొత్తానికీ కట్టిన ఒక రకం సగటు, దాని శిఖరం 325 వోల్టుల దాకా వెళ్తుంది. లైన్ వోల్టేజ్ 253కి పెరిగితే శిఖరం 358. అందుకే ఇన్వర్టర్‌లో మొదటి అంచె ఈ 246 వోల్టులను 360, 400 దగ్గరికి ఎత్తుతుంది. రెండో అంచెలో నాలుగు ఎలక్ట్రానిక్ స్విచ్‌లు సెకనుకు వేల సార్లు పడుతూ లేస్తూ ఆ డీసీని సన్నటి ముక్కలుగా కోస్తాయి. ముక్కల వెడల్పును పెంచుతూ తగ్గిస్తూ పోతే, వాటి సగటు ఏసీ తరంగం ఆకారంలోకి వస్తుంది. చివర్లో కాయిళ్లు, కెపాసిటర్లతో చేసిన ఫిల్టర్ ఆ గరుకుదనాన్ని నున్నగా చేస్తుంది.

దీంతోపాటు ఇంకో పని కూడా నిరంతరం నడుస్తుంటుంది. ఎండా వేడీ మారేకొద్దీ పలక ఏ వోల్టేజ్ దగ్గర ఎక్కువ పవర్ ఇస్తుందో కూడా మారుతుంది. ఇన్వర్టర్ ఆ వోల్టేజ్‌ను కాస్త జరిపి చూస్తుంది. పవర్ పెరిగితే అదే దిక్కున ఇంకాస్త జరుపుతుంది, తగ్గితే వెనక్కి వస్తుంది. రోజంతా ఇదే వెతుకులాట. దీన్ని ఎంపీపీటీ అంటారు.

మన జిల్లాల్లో వేడి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పలక మీద రాసిన 540 వాట్లు, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటి మాట. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో పలక లోపలి సెల్ 65 డిగ్రీలకు చేరడం మామూలే. ఎక్కువ పలకల్లో ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున పవర్ తగ్గుతుంది. 40 డిగ్రీలు పెరిగితే 14 శాతం నష్టం, అంటే 3.24 కిలోవాట్లు 2.79కి దిగుతాయి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందన్నది సగమే నిజం. ఎండ కావాలి, వేడి వద్దు. ఇన్వర్టర్‌కు కూడా వేడి తగలకూడదు. మరీ కాలితే తనను కాపాడుకోవడానికి అది ఉత్పత్తిని తగ్గించుకుంటుంది. పడమటి గోడకు, నీడ లేనిచోట బిగించిన ఇన్వర్టర్ వేసవి మధ్యాహ్నాల్లో కొంత నష్టపెడుతుంది.

## గ్రిడ్‌ను అనుసరించడమంటే

లైన్‌లో తరంగం ఏ క్షణాన ఎక్కడుందో ఇన్వర్టర్ కొలుస్తూ ఉంటుంది. ఆ పని చేసే భాగం పేరు ఫేజ్ లాక్డ్ లూప్. చెక్కభజనలో గురువు అడుగు చూసి మిగతావాళ్లు అడుగు వేసినట్టే, గ్రిడ్ తరంగాన్ని చూసి ఇన్వర్టర్ తన కరెంటును కలుపుతుంది. వోల్టేజ్ ఎంతుండాలో, ఫ్రీక్వెన్సీ ఎంతుండాలో అది నిర్ణయించదు, ఉన్నదాన్ని చదువుకుని ఎన్ని ఆంపియర్లు పంపాలో మాత్రమే చూసుకుంటుంది. వీటిని గ్రిడ్ ఫాలోయింగ్ ఇన్వర్టర్లు అంటారు. ఇళ్ల మీద ఉన్నవే కాదు, పెద్ద పార్కుల్లో ఉన్నవి కూడా చాలావరకు ఇవే.

మరి లైన్‌లో తరంగమే లేకపోతే? అనుసరించడానికి ఏమీ ఉండదు. మొదటి ప్రశ్నకు జవాబులో ఒక సగం ఇది.

## కరెంటు పోయినప్పుడు ఆగమన్నది ఎవరు

రెండో సగం లైన్‌మన్ ప్రాణం. సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ మీద పని చేసుకోవడానికి అనుమతి) తీసుకుని, ఫీడర్ ఆపించి, ఒక మనిషి స్తంభం ఎక్కాడు. అదే సమయంలో కింద ఇంటి ఇన్వర్టర్ లైన్‌లోకి కరెంటు పంపుతూ ఉంటే ఏమవుతుంది? వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను 433కి దించుతుందని మనకు తెలుసు. దానికి దిక్కు పట్టింపు లేదు. ఇంటివైపు నుంచి వోల్టేజ్ వస్తే దాన్ని మళ్లీ 11 వేలకు ఎత్తుతుంది. గ్రిడ్ నుంచి తెగిపోయిన ముక్క సొంతంగా బతికే ఈ పరిస్థితిని ఐలాండింగ్ అంటారు.

అందుకే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో తెచ్చిన నిబంధనలు చిన్న ఉత్పత్తిదారులకు కచ్చితమైన హద్దులు పెట్టాయి. ఐలాండ్ ఏర్పడితే 2 సెకన్లలోపు లైన్‌కు కరెంటు ఇవ్వడం ఆపాలి. వోల్టేజ్ 110 శాతం దాటినా, 80 శాతం కంటే పడిపోయినా 2 సెకన్లలో తప్పుకోవాలి. ఫ్రీక్వెన్సీ 47.5, 50.5 హెర్ట్జ్ హద్దులు దాటితే 0.2 సెకన్లలో తప్పుకోవాలి.

కరెంటు పోయిందని గుర్తించడం అనుకున్నంత తేలిక కాదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇళ్లన్నీ కలిపి 30 కిలోవాట్ల సోలార్ ఉందనుకోండి. ఆ క్షణాన అక్కడి వాడకం కూడా సరిగ్గా 30 కిలోవాట్లే అయితే, పైనుంచి ఫీడర్ తెగినా కింద వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ దాదాపు కదలవు. ఊరికే కొలుస్తూ కూర్చున్న ఇన్వర్టర్ మోసపోతుంది. ఇందుకోసం ఇన్వర్టర్లు తమ ఫ్రీక్వెన్సీని ఉండుండి పిసరంత పక్కకు నెట్టి చూస్తాయి. అవతల పెద్ద గ్రిడ్ ఉంటే ఈ తోపుకు కదలదు, లేకపోతే ఫ్రీక్వెన్సీ అటే జారిపోయి హద్దు దాటుతుంది. అప్పుడు ఇన్వర్టర్ ఆగుతుంది.

కరెంటు పోయినప్పుడు కూడా ఇంటికి సోలార్ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో బ్యాటరీ ఉండాలి. గ్రిడ్ పోగానే అది ముందు ఇంటిని లైన్ నుంచి రిలే అనే స్విచ్‌తో విడదీస్తుంది, తర్వాతే తన తరంగం తయారు చేసి ఇంటికిస్తుంది. ఈ విడదీయడమే ముఖ్యం. విడదీసే ఏర్పాటు లేకుండా ఎవరో తెలిసినవాళ్లు వైరు మార్చి ఇస్తామంటే ఒప్పుకోకూడదు. అది స్తంభం మీది మనిషి ప్రాణంతో ముడిపడిన విషయం.

## మధ్యాహ్నం వోల్టేజ్ పెరగడానికి లెక్క

రెండో ప్రశ్నకు వద్దాం. నీళ్లయినా కరెంటయినా ఎత్తు నుంచి పల్లానికే పారుతుంది. ఇంటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు వెళ్లాలంటే ఇంటి దగ్గర వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికంటే ఎక్కువ ఉండాలి. ఎంత ఎక్కువ అన్నది తీగ నిరోధాన్ని బట్టి ఉంటుంది.

పల్లెల్లో వాడే సన్నటి అల్యూమినియం తీగకు కిలోమీటరుకు 1.4 ఓమ్‌లు అనుకుందాం. ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కు 300 మీటర్ల దూరంలో ఉంది. పోయే తీగ, తిరిగొచ్చే న్యూట్రల్ కలిపి 600 మీటర్లు, అంటే 0.84 ఓమ్‌లు. 3 కిలోవాట్లు 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు. ఈ రెండూ గుణిస్తే 11 వోల్టులు. పక్కింటివాళ్లు కూడా అదే ఫేజ్ మీద 3 కిలోవాట్లు పెట్టుకుంటే ఆ తీగలోనే 26 ఆంపియర్లు, 22 వోల్టులు. మధ్యాహ్నం పూట అందరూ పనుల మీద బయట ఉంటారు, వాడకం తక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 238 వోల్టులు ఉంటే, చివరి ఇళ్ల దగ్గర 260. హద్దు 253. ఇన్వర్టర్ ఆగుతుంది. ఆగగానే వోల్టేజ్ దిగుతుంది, కొద్ది నిమిషాలు చూసి మళ్లీ మొదలవుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఇందులో సరుకు నాసిరకం లేదు, ఎవరి కుట్రా లేదు.

పరిష్కారాలు ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక్కో చిక్కుంది. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (అది బయటికిచ్చే వోల్టేజ్‌ను మెట్లుగా మార్చే ఏర్పాటు) ఒక మెట్టు దించవచ్చు. కానీ ఈ ట్యాప్‌లను సరఫరా ఆపి చేత్తో మార్చాలి. మధ్యాహ్నానికి సరిపోయేలా దించితే, రాత్రి ఏడింటికి అందరూ లైట్లూ కూలర్లూ వేసినప్పుడు చివరి ఇళ్లకు లోవోల్టేజ్. తీగ మందం పెంచితే సమస్య తగ్గుతుంది, ఖర్చవుతుంది. ఇళ్లను మూడు ఫేజ్‌లకూ సమంగా పంచడం అన్నిటికంటే చవకైన పని. నా ఉద్దేశంలో ముందు చేయాల్సింది అదే.

ఇన్వర్టర్ చేతిలో కూడా రెండు ఉపాయాలున్నాయి. వోల్టేజ్ పెరిగేకొద్దీ రియాక్టివ్ పవర్ లాక్కోవడం ఒకటి. మోటార్లు అయస్కాంత క్షేత్రం కోసం తీసుకునే, మీటర్లో యూనిట్లుగా కనబడని పవర్ ఇది. 400 కేవీ, అంటే 4 లక్షల వోల్టుల లైన్లలో ఈ ఉపాయం అద్భుతంగా పని చేస్తుంది. పల్లె తీగలో అంతగా చేయదు, ఎందుకంటే అక్కడ నిరోధం ఎక్కువ, రియాక్టెన్స్ (ఏసీ ఊగడం వల్ల తీగ చూపే అడ్డు) తక్కువ. మన ఉదాహరణలోనే తీగ రియాక్టెన్స్ 0.21 ఓమ్‌లు అనుకుని, ఇన్వర్టర్ 3 కిలోవాట్లతోపాటు దాదాపు 1.4 కిలోవార్‌ల రియాక్టివ్ పవర్ లాక్కుందనుకుంటే, 11 వోల్టుల పెరుగుదల 9.7కి దిగుతుంది. లాభం 1.3 వోల్టులే. రెండో ఉపాయం, హద్దు దగ్గరపడగానే పూర్తిగా ఆగకుండా ఉత్పత్తిని మెల్లగా తగ్గించుకోవడం. దీంతో ఆగి మొదలయ్యే ఆట పోతుంది, మొత్తం మీద యూనిట్లు కూడా కొంత దక్కుతాయి.

ఇక్కడే న్యాయం గురించిన వాదన మొదలవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఇంటికి వోల్టేజ్ ఎప్పుడూ పెరగదు కాబట్టి దాని ఉత్పత్తి తగ్గదు. ఒకే డబ్బు పెట్టి ఒకే పలకలు కొన్న చివరి ఇల్లే నష్టపోతుంది. లైన్ బాగు చేయడం సరఫరా చేసేవాళ్ల బాధ్యత కదా అన్నది వినియోగదారుల వాదన. నాలుగు ఇళ్ల కోసం తీగ మారిస్తే ఆ ఖర్చు చార్జీల రూపంలో సోలార్ లేని పేదింటి మీద కూడా పడుతుందన్నది అవతలి వాదన. రెండింట్లోనూ నిజం ఉంది. ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత సోలార్ మోయగలదో ముందే లెక్కగట్టి, దరఖాస్తు పెట్టినప్పుడే ఇంటివాళ్లకు చెబితే ఈ తగవు చాలావరకు రాదు.

## వెయ్యి మెగావాట్లు ఒక్కసారిగా తప్పుకుంటే

కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు పాణ్యం దగ్గర గని, శకునాల గ్రామాల పరిధిలో ఉంది. 2017లో 1000 మెగావాట్లతో పూర్తయినప్పుడు, ఒకేచోట ఉన్న సోలార్ ప్లాంట్లలో ప్రపంచంలోనే పెద్దదిగా దానికి పేరొచ్చింది. కదిరి వైపు నంబులపూలకుంట, రాయచోటి వైపు గాలివీడు, ఇలా సీమ అంతటా పెద్ద పార్కులు వచ్చాయి.

ఎక్కడో లైన్ మీద పిడుగు పడితే చుట్టుపక్కల వోల్టేజ్ ఒక్క క్షణం కుంగుతుంది. బ్రేకర్లు 0.1 సెకనులో ఆ లైన్‌ను విడదీస్తాయి, అంతా సర్దుకుంటుంది. కానీ ఇంటి మీది ఇన్వర్టర్‌కు నేర్పిన తప్పుకునే పాఠమే ఈ పార్కులకూ నేర్పితే, ఆ చిన్న కుదుపుకే వెయ్యి మెగావాట్లు ఒక్కసారిగా మాయమవుతాయి. పిడుగు చేయని నష్టం ఇన్వర్టర్లు చేస్తాయి.

ఇది ఊహ కాదు. 2016 ఆగస్టు 16న కాలిఫోర్నియాలో బ్లూ కట్ అనే కార్చిచ్చు పొగ వల్ల లైన్లలో ఫాల్టులు వచ్చాయి. ఫాల్టులు వెంటనే తొలగినా దాదాపు 1200 మెగావాట్ల సోలార్ తగ్గిపోయింది. విచారణలో తేలినదేమంటే, వంకర తిరిగిన తరంగాన్ని చూసి కొన్ని ఇన్వర్టర్లు ఫ్రీక్వెన్సీ పడిపోయిందని పొరబడ్డాయి. నిజానికి అది పడలేదు. మరికొన్ని వోల్టేజ్ కుంగగానే ఉత్పత్తి ఆపేశాయి. లోపం ఇనుములోనూ రాగిలోనూ లేదు, కొలిచే పద్ధతిలోనూ పెట్టిన సెట్టింగుల్లోనూ ఉంది.

మన దేశంలో పెద్ద ప్లాంట్లకు నిబంధన తలకిందులుగా ఉండడానికి కారణం ఇదే. వోల్టేజ్ 15 శాతానికి కుంగినా 0.3 సెకన్లపాటు గ్రిడ్‌ను వదలకూడదు. 2019 సవరణలతో వోల్టేజ్ పెరిగినప్పుడు కూడా కొంతసేపు నిలబడాలన్న షరతు వచ్చింది. ఇంటికి తప్పుకోమని, పార్కుకు నిలబడమని చెప్పడంలో వైరుధ్యం లేదు. కాకపోతే ఇళ్ల మీది సోలార్ అంతా కలిపి వేల మెగావాట్లు అయ్యాక, ఇళ్లకు కూడా కొంతసేపు నిలబడే పాఠం నేర్పక తప్పదు. చాలా దేశాలు ఇప్పటికే ఆ దారి పట్టాయి.

స్పెయిన్ ఘటన మరోలాంటిది. అక్కడ వోల్టేజ్ కుంగలేదు, పెరిగింది. పెరిగిన కొద్దీ ప్లాంట్లు తప్పుకున్నాయి, తప్పుకున్న కొద్దీ ఇంకా పెరిగింది. చాలా సోలార్, గాలి ప్లాంట్లు అప్పటి నియమాల ప్రకారం స్థిరమైన పవర్ ఫ్యాక్టర్‌తో నడుస్తున్నాయి, అంటే వోల్టేజ్‌ను చూసి స్పందించే పని వాటికి అప్పగించలేదు. ఆ పని చేయాల్సిన మామూలు ప్లాంట్లు తగినంత చేయలేదని స్పెయిన్ ప్రభుత్వ నివేదిక చెప్పింది. గ్రిడ్ నిర్వహణ సంస్థ ప్లాంట్లను తప్పుపట్టింది, ప్లాంట్లవాళ్లు గ్రిడ్ సంస్థ ప్రణాళికను తప్పుపట్టారు. సోలార్ వల్లే కూలిందన్నా, సోలార్‌కు సంబంధమే లేదన్నా రెండూ సరికావు. చేయగలిగిన పనిని ఇన్వర్టర్లకు ఎవరూ అప్పగించలేదు.

## తిరిగే ఇనుము లేని లోటు

కడప జిల్లా ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ ప్లాంటులో మొత్తం 1650 మెగావాట్ల యూనిట్లున్నాయి. వాటి టర్బైన్లు, రోటర్లు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటాయి. ఇలాంటి యూనిట్ల తిరిగే బరువులో, మామూలుగా 3 నుంచి 6 సెకన్ల పూర్తి ఉత్పత్తికి సరిపడే శక్తి దాగి ఉంటుంది. గ్రిడ్‌లో ఏదైనా ప్లాంట్ హఠాత్తుగా పడిపోతే, ఎవరూ ఆదేశించకుండానే ఈ శక్తి బయటికొచ్చి ఫ్రీక్వెన్సీ జారుడును నెమ్మది చేస్తుంది. దీన్నే ఇనర్షియా అంటారు. పలకల్లో తిరిగేదేమీ లేదు.

ఒక చిన్న గ్రిడ్‌ను ఊహించుకుందాం. 10 వేల మెగావాట్ల యంత్రాలు, ఒక్కోదానికి 5 సెకన్ల శక్తి. 1000 మెగావాట్లు పోతే ఫ్రీక్వెన్సీ మొదట్లో సెకనుకు 0.5 హెర్ట్జ్ చొప్పున పడుతుంది. ఆ యంత్రాల్లో సగం ఆపి సోలార్‌తో నడిపితే సెకనుకు 1 హెర్ట్జ్. సర్దుకోవడానికి దొరికే సమయం సగమవుతుంది.

అయితే భారత గ్రిడ్ చిన్నది కాదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కేవీ లైన్‌తో దక్షిణాది మిగతా దేశంతో కలిసి ఒకే గ్రిడ్ అయింది. 2024 మే నెలలో దేశం డిమాండ్ 250 గిగావాట్లు, అంటే రెండున్నర లక్షల మెగావాట్లు తాకింది. ఇంత పెద్ద గ్రిడ్‌కు వెయ్యి మెగావాట్లు పోవడం తట్టుకోగల దెబ్బే. మన ప్రాంతానికి ఎక్కువ ముఖ్యమైనది గ్రిడ్ స్థానిక బలం. ఒక సబ్‌స్టేషన్ ఫాల్టు సామర్థ్యాన్ని (అక్కడ ఫాల్టు వస్తే గ్రిడ్ ఎంత పవర్ పోయగలదో ఎంవీఏల్లో చెప్పే లెక్క) అక్కడి సోలార్ మెగావాట్లతో భాగిస్తే వచ్చే అంకె దానికి కొలత. 3000 ఎంవీఏ చోట 1000 మెగావాట్లు పెడితే 3. అంతకంటే తగ్గితే, ఇన్వర్టర్ పంపే కరెంటే అది చదువుతున్న వోల్టేజ్‌ను కదిలించడం మొదలుపెడుతుంది. తాను కదిపినదాన్నే తాను అనుసరించబోయి ఊగిసలాడుతుంది.

## ఆసరా ఇవ్వడానికి మూడు దారులు, వాటి ఖర్చు

ఇప్పటి ఇన్వర్టర్లకే ఫ్రీక్వెన్సీ చూసి స్పందించే పని చెప్పడం మొదటిది. 5 శాతం డ్రూప్ అంటే, 50లో 5 శాతమైన 2.5 హెర్ట్జ్ తేడాకు పూర్తి ఉత్పత్తి మార్చాలని. ఫ్రీక్వెన్సీ 0.25 హెర్ట్జ్ పెరిగితే 100 మెగావాట్ల ప్లాంట్ 10 మెగావాట్లు తగ్గిస్తుంది. తగ్గించడం తేలిక. పెంచమంటేనే కష్టం, ఎందుకంటే సోలార్ ఎప్పుడూ ఇవ్వగలిగినదంతా ఇచ్చేస్తుంటుంది. పెంచడానికి వీలుగా 10 మెగావాట్లు ఎప్పుడూ వెనక దాచాలంటే, ఆ యూనిట్ల డబ్బు ఎవరిస్తారని ప్లాంట్లవాళ్లు అడుగుతారు. అడగడం న్యాయమే.

రెండో దారి, సింక్రనస్ కండెన్సర్లు. ఇంధనం లేకుండా ఊరికే తిరిగే పెద్ద యంత్రాలివి. ఇనర్షియా, ఫాల్టు కరెంటు రెండూ ఇస్తాయి. పాత, నమ్మకమైన పద్ధతి అని గ్రిడ్ ఇంజనీర్లలో చాలామందికి వీటి మీద గురి. ఖర్చూ నిర్వహణా మాత్రం ఎక్కువ.

మూడోది గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్. ఇది అనుసరించదు, తన తరంగాన్ని తానే నిలబెడుతుంది. బలహీన గ్రిడ్‌లో ఊగిసలాట తక్కువ. దక్షిణ ఆస్ట్రేలియాలోని 150 మెగావాట్ల హార్న్స్‌డేల్ బ్యాటరీ 2022 నుంచి ఈ పద్ధతిలో ఇనర్షియాను పోలిన సేవ అందిస్తోంది. దీనికి వెనక బ్యాటరీ ఉండాలి, ఒట్టి పలకలతో ఎక్కువసేపు నిలబడదు. వేర్వేరు కంపెనీల గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్లు పక్కపక్కనే వందల సంఖ్యలో ఉంటే ఒకదానితో ఒకటి ఎలా మసలుకుంటాయన్న అనుభవం ఇంకా తక్కువేనని జాగ్రత్తపరులంటారు. బ్యాటరీలు ఎలాగూ కొంటున్నాం కాబట్టి అదనపు ఖర్చు తక్కువ, ఇప్పుడే పెట్టించకపోతే తర్వాత మార్చడం ఎక్కువ ఖర్చు అని అవతలివాళ్లంటారు. నాకు ఈ రెండో వాదన బలంగా కనిపిస్తుంది, కనీసం కొత్త బ్యాటరీ ప్రాజెక్టుల వరకైనా.

అయితే గ్రిడ్ ఫార్మింగ్ కూడా తీర్చలేని లోటు ఒకటుంది. ఫాల్టు వచ్చినప్పుడు తిరిగే జనరేటర్ తన మామూలు కరెంటుకు ఐదారు రెట్లు ఇస్తుంది. ఇన్వర్టర్ స్విచ్‌లు అంత మోస్తే కాలిపోతాయి కాబట్టి 1.1, 1.2 రెట్ల దగ్గరే ఆపేస్తాయి. సబ్‌స్టేషన్లలోని రక్షణ రిలేలు ఆ పెద్ద కరెంటును చూసి ఫాల్టు అని గుర్తించేలా దశాబ్దాలుగా సెట్ చేసి ఉన్నాయి. పగటిపూట చుట్టూ ఇన్వర్టర్లే ఉన్న లైన్ల మీద ఆ సెట్టింగులను మళ్లీ లెక్కగట్టే పని, బ్యాటరీలు పెట్టినా పెట్టకపోయినా, సబ్‌స్టేషన్ తర్వాత సబ్‌స్టేషన్‌గా చేయాల్సిందే.